గాజుటింటి పసిపాపలు: జూలియా మార్గరెట్ కామెరన్

1815వ సంవత్సరము జూన్ 11వ తేదీని కలకత్తా నగరమున జూలియా మార్గరెట్ ప్యాటిల్ జన్మించునాటికి లోకమున ఛాయాచిత్రమను వస్తువే లేదు. ఆమె పసినాటి ముఖమును చూపగల ఛాయాచిత్రము ఉండుటకు వీలు లేదు. అట్టి స్త్రీ తన నలువది యెనిమిదవ యేట కెమెరాను చేపట్టి, ఇరుగుపొరుగువారి బిడ్డలను, బంధువుల బిడ్డలను, తన మనుమని, ఒడిలో చేర్చుకొనినంత దగ్గరగా నిలిచి గాజుపలకలపై నిలిపినది. ఆ ముఖములు స్ఫుటముగా లేవని ఆనాటి నిపుణులు ఆమెను ఏండ్ల తరబడి తప్పుపట్టిరి. ఆ నిందలో కొంత న్యాయమును కలదు, కొంత అన్యాయమును కలదు. రెంటిని వేఱుపఱచి చూడవలెనన్నచో ఆమె జీవితముతోపాటు ఆమె వాడిన పరికరములను గూడ కొంత పరిశీలింపవలసియుండును.

తండ్రి జేమ్స్ ప్యాటిల్ ఈస్టిండియా కంపెనీ కొలువులో పెద్ద యుద్యోగి. తల్లి అడలీన్ ఫ్రెంచి వంశమునకు చెందినది. ఈ దంపతుల కుమార్తెలు కలకత్తా ఆంగ్ల సమాజమున సౌందర్యమునకు పేరు వడసిరి. జూలియాను మాత్రము ఎవ్వరును అందగత్తె యనలేదు. ఆమెకు దక్కిన కీర్తి బుద్ధికి, ధారాళమైన మనసునకు సంబంధించినది. బాల్యము చాలవఱకు ఫ్రాన్సు దేశమున అమ్మమ్మ చెంత గడచెను. అందగత్తెల నడుమ పెరిగిన అందము లేని పిల్ల పెద్దదై అందమును వెదకుటయే వృత్తిగా చేసికొనినదని కొందఱు వ్యాఖ్యానించుట కలదు. ఇది వినుటకు బాగుగనే యుండును కాని, మనుష్యస్వభావమును ఇంత సులభముగా లెక్క గట్టుట ఉచితము కాదు.

1836లో ఆరోగ్యము కొఱకు ఆమె దక్షిణాఫ్రికాలోని కేప్ నగర ప్రాంతమునకు పోయినది. అచట ఆమె జీవితమును మలచిన యిరువురు పురుషులతో పరిచయము కలిగెను. ఒకరు దక్షిణాకాశ నక్షత్రములను పరిశీలించుటకై వచ్చియున్న సర్ జాన్ హెర్షెల్. రెండవవారు చార్లెస్ హే కామెరన్. ఆమెకంటె ఇరువదియేండ్లు పెద్ద. మెకాలేతో కూడ లా కమిషన్‌లో పనిచేసి భారత శిక్షాస్మృతి చిత్తు రచనలో పాలు పంచుకొనినవాడు. 1860లో శాసనమై, 2024 వఱకు మన న్యాయస్థానములలో అమలులో నుండిన స్మృతి అదియే. జూలియాకును ఆయనకును 1838లో కలకత్తాలో వివాహమైనది.

హెర్షెల్ సామాన్యుడు కాడు. వెండి లవణములను హైపో అను ద్రవ్యము కరగించునని 1819లోనే ఆయన కనుగొనెను; ఇరువదియేండ్ల తరువాత ఛాయాచిత్రము పుట్టినప్పుడు, వెలుతురు తగిలినను చెడకుండ దానిని స్థిరపఱచుటకు ఆ ద్రవ్యమే ఉపయోగపడెను. 1842లో ఆయన ఈ క్రొత్త విద్యకు చెందిన మచ్చుచిత్రములను కలకత్తాలోనున్న జూలియాకు పంపెను. వానిని ఆమె పదిలపఱచుకొనెను గాని, తాను స్వయముగా ఆ విద్యలో దిగుటకు మఱి యిరువది యొక్క యేండ్లు పట్టెను. ఆ నడుమ బిడ్డలు, బంధువుల అనాథశిశువులు, అతిథులు, దానధర్మములు, లేఖలు: ఆమె దినచర్య నిండియుండెను.

1848లో భర్త ఉద్యోగము విరమించుటతో కుటుంబము ఇంగ్లండునకు మరలెను. సోదరి సారా ప్రిన్సెప్ గృహమున కవులు, చిత్రకారులు కూడుచుండిరి. చిత్రకారుడు వాట్స్, కవి టెన్నిసన్ అచట పరిచితులైరి. 1860లో జూలియా వైట్ ద్వీపమునందలి ఫ్రెష్‌వాటర్ గ్రామమున, టెన్నిసన్ నివాసమునకు చేరువను, రెండు కుటీరములను కొని, వానిని ఒకటిగా కలిపి, సింహళములోని తమ కాఫీతోట పేరు మీదుగా డింబోలా యని పేరిడెను. ఆ యింట సొంత బిడ్డలతోపాటు పెంపుడు బిడ్డలును పెరిగిరి. లండను శివారున బిచ్చమెత్తుచున్న తల్లితో కనబడిన మేరీ రయన్ అను ఐరిష్ బాలిక అందొకతె. ఈమె తరువాత జూలియా చిత్రములలో నిలిచెను; ఆ చిత్రములను చూచి ముచ్చటపడిన హెన్రీ కాటన్ అను యువకుడు 1867లో ఆమెను పెండ్లాడెను. కుంభకోణమున పుట్టి, సివిల్ సర్వీసులో పనిచేసి, 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన కాటన్ ఇతడే. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర వేఱొకడు.

1863 డిసెంబరులో, భర్త సింహళమున నుండగా, ఇంటిలో ఒంటరిగా నున్న తల్లికి ప్రొద్దుపోవుటకై కూతురు జూలియా నార్మన్, అల్లుడు కలిసి ఒక కెమెరాను బహూకరించిరి. కాలక్షేపమునకిచ్చిన వస్తువు తల్లికి తపస్సుగా మారునని వారు తలచియుండరు. కోళ్లగూడు ఖాళీ చేయబడి గాజుటిల్లయ్యెను. బొగ్గులకొట్టు చీకటిగది యయ్యెను. 1864 జనవరి చివర అన్నీ ఫిల్‌పాట్ అను బాలిక ముఖము మొదటిసారి చక్కగా పడినప్పుడు, ఆ బిడ్డకు కానుకలిచ్చుటకై యిల్లంతయు వెదకెనట. ఆ చిత్రమునకు ఇది తన ప్రథమ విజయమని తానే శీర్షిక వ్రాసికొనెను.

నేటివారికి ఆ విజయము విలువ తెలియవలెనన్నచో నాటి పద్ధతిని కొంత వివరింపక తప్పదు. ముందుగా గాజుపలకను మచ్చ లేకుండ తుడువవలెను. ఆమ్లములలో తడిపిన దూదిని ఈథరు, ఆల్కహాలులలో కరగించి చేసిన కలోడియన్ అను చిక్కని ద్రవమును దానిపై పోసి, నాలుగు మూలలకు సమముగా పాఱునట్లు వంచవలెను. తరువాత చీకటిగదిలో వెండి నైట్రేటు తొట్టిలో ముంచవలెను. ఆ తడి ఆరకమునుపే పలకను కెమెరాలో పెట్టి, వెలుతురు చూపి, మరల పరుగున చీకటిగదికి కొనిపోయి బొమ్మను బయటపఱచి కడుగవలెను. తడి ఆరినదా, శ్రమ యంతయు వ్యర్థము. ఆమె మొదటి కెమెరాలో పలక సుమారు పదునొకండంగుళముల పొడవు, తొమ్మిదంగుళముల వెడల్పు. తరువాతి దానిలో పదునైదు, పండ్రెండు. అంత పెద్ద గాజుపై ద్రవమును సమముగా పోయుట చేయితిరిగినవానికే కష్టము. వెండి లవణము తగిలి చేతులు, దుస్తులు, బల్లపై గుడ్డలు నల్లబడుచుండెను. అతిథులు ఆమెను చూచి జంకిరని చెప్పుదురు.

ఇక కటకము. మొదటిది జామిన్ అను ఫ్రెంచి పనివాడు చేసినది. వెలుతురును ఎక్కువగా లోనికి తెచ్చుకొను విశాలమైన కటకము, దగ్గరగా కూర్చున్న మనుష్యుడు, పెద్ద పలక: ఈ మూడును కలసినచో స్ఫుటముగా పడు భాగము వ్రేలెడు మందము మాత్రమే. కన్ను స్ఫుటముగా నున్నచో చెవి కరగిపోవును. ముక్కు స్ఫుటమైనచో కన్నులు మసకబాఱును. మఱియొక చిక్కును కలదు. కలోడియన్‌కు నీలికాంతి తప్ప తక్కిన వన్నెలు ఇంచుమించు కానరావు. మనుష్యుని కన్నేమో పసుపుకాంతిని బట్టి సరిచూచుకొనును. నాటి కటకములు కొన్ని యీ రెండు కాంతులను ఒకే తావున చేర్చలేకుండెను. కావున గ్రుడ్డి అద్దముపై చక్కగా కనబడిన ముఖము పలకపై మసకగా పడుట వింత కాదు. పెద్దవానిని కదలవద్దని శాసింపవచ్చును. ఆమె మూడు మొదలు ఏడు నిమిషముల వఱకు కూర్చుండబెట్టిన సందర్భములు కలవు. రెండేండ్ల బిడ్డకు ఎవరు చెప్పగలరు?

నాటి వర్తక ఛాయాచిత్రకారులు దీనికి తమ మార్గములు వెదకికొనిరి. వారి పలకలు చిన్నవి, ఒక్కొక్క బొమ్మ అఱచేయి యంత; కటకమును చిన్నది; కావున కొలది సెకండ్లలో పని ముగియును. తల్లిపై దుప్పటి కప్పి, ఆమెను కుర్చీవలె కూర్చుండబెట్టి, ఒడిలో బిడ్డను పట్టుకొనుమందురు. అట్టి చిత్రములను నేడు చూచినచో బిడ్డ స్ఫుటముగానే యుండును. వెనుకనున్న దుప్పటిలోని మనుష్యాకృతి మాత్రము చూచువానికి గగుర్పాటు కలిగించును. పెద్దలకు తల వెనుక ఇనుప పట్టు బిగించుటయు కలదు. జూలియా యీ పట్టును వాడలేదు. ఆమె బిడ్డల నడుమునకో తలకో పట్టులు బిగింపక, నిద్రను ఆశ్రయించెను. చంటిబిడ్డను నిశ్చలముగా నుంచుటకు నిద్రకు మించిన యుపాయము ఏ తల్లియు ఎఱుగదు గదా.

1865లో తీసిన ఆమె మనుమడు ఆర్చీ చిత్రము ఇందుకు తగిన నిదర్శనము. రెండేండ్ల మూడు నెలల బిడ్డడు ఒడలు మఱచి నిద్రించుచుండును. ఆ యింటి పరిచారిక మేరీ హిల్లియర్ వానిపై వంగి చూచుచుండును. మేరీని మరియమ్మగా, బిడ్డను బాలయేసుగా భావించి తీసిన చిత్రమే యైనను, దానికి మనుమని పేరును, వయసును నెలలతో సహా వ్రాయుటలో మాతామహీ పితామహీ హృదయమే కనబడుచున్నది. ఆ యేడే ఫ్రెష్‌వాటర్ కోటలోని ఫిరంగిదళాధికారి కీయన్ బిడ్డడు పెర్సీని, బైబిలునందలి షూనేము స్త్రీ కథలోని మృతశిశువుగా పరుండబెట్టి చిత్రించెను. ఆ బిడ్డని అక్కలు ఎలిజబెత్, ఆలిస్‌లను ముఖమునకు ముఖము చేర్చి జంటనక్షత్రమను పేరుతో చిత్రించినది అంతకు ముందటి యేడు. ఫ్రెడ్డీ గౌల్డ్ అను బొద్దు బాలుడు మన్మథుడుగను, దేవదూతగను మఱి పలుమారులు దర్శనమిచ్చును.

కొందఱు బిడ్డలకు హంసల ఱెక్కలు కట్టి దేవదూతలుగా నిలువబెట్టుట ఆమెకు పరిపాటి. చెల్లెలి వంశమునకు చెందిన గర్నీ బాలికలిరువురు అట్లు నిలిచినవారే. వారిలో లారా పెద్దయైన తరువాత, ఆ బరువైన ఱెక్కలను, పెద్దమ్మ గద్దింపును, కదలక నిలిచిన బాధను తన జ్ఞాపకములలో వ్రాసికొనెను. 1872 నాటి రేచల్ చిత్రమున, చేతులు కట్టుకొని గడ్డమానించి చూచు ఆ పాప ముఖమున దైవత్వము కంటె విసుగే ఎక్కువ. నిజమునకు ఆ విసుగే ఆ చిత్రమునకు ప్రాణము. ఱెక్కలు తీసివేసినను అది నిలుచును.

1864లోనే ఆమె లండను ఫోటోగ్రాఫిక్ సొసైటీ సభ్యురాలై చిత్రములను ప్రదర్శించెను. వృత్తి పత్రికలు మండిపడెను. ఫోకసు తెలియదనిరి, పలకలపై మచ్చలు, చారలు, వ్రేలిముద్రలు కలవనిరి. ఈ రెండవ ఆక్షేపణ యథార్థము. మొదటిదానికి ఆమె సమాధానము, హెర్షెల్‌కు వ్రాసిన జాబులలోను, 1874లో వ్రాసిన అసంపూర్ణ ఆత్మకథలోను కలదు. దాని సారాంశమిది: కటకమును తిప్పుచు, కంటికి అందముగా తోచిన తావున ఆగిపోవుటయే తన పద్ధతి, అంతకుమించి పదును పెట్టుట తనకు అవసరముగా తోచలేదు, ఏది సరియైన ఫోకసో శాసించు హక్కు ఇతరులకు లేదు. ఆ వేసవిలో ఫ్రెష్‌వాటర్ వచ్చిన లూయీ కరోల్, తానును పిల్లల ఛాయాచిత్రములు తీయువాడే యగుటచే, ఆమె చిత్రములను చూచి, వీనిని తాను స్ఫుటముగా తీసిన బాగుండునని కోరెను. ఆమెయు అతని చిత్రములను చూచి, వీనిని తాను మసకగా తీసిన బాగుండునని కోరెనట. ఇరువురిలో ఎవ్వరును వెనుకకు తగ్గలేదు.

ఆమె సమాధానమును ఉన్నదున్నట్లు స్వీకరించువారు కలరు. సాకుగా త్రోసివేయువారును కలరు. చిత్రములనే అడుగుట మేలు. బిడ్డ కనుఱెప్పలు కరగి, గౌను అంచు లేసు స్ఫుటముగా నున్నచో అది తప్పుగా పడిన ఫోకసు. వెనుకనున్న వస్త్రము స్థిరముగానుండి చేయి మాత్రము రెండు చేతులైనచో అది బిడ్డ కదలిక. ముఖమంతయు ఒకే మెత్తదనముతో, వెలుగు నీడలు మాత్రము నిర్దుష్టముగా నున్నచో అది ఆమె కోరి నిలిపినది. ఈ మూడు జాతుల చిత్రములును ఆమె గుట్టలో కలవు. మొదటి రెండింటిని మూడవదానితో సమముగా పొగడుట ఆమెకు మేలు చేయుట కాదు. తన చెల్లెలి కూతురు జూలియా జాక్సన్‌ను 1867లో తీసినప్పుడు కన్నుల కాంతి సూదిమొనవలె స్పష్టముగా పడినది. చేతకానితనమే కారణమనువారికి అదియే చాలిన జవాబు.

ఆమె పరిచితుడైన రైలాండర్ అను చిత్రకారుని కథను ఇచట తలంపవలసియున్నది. మనుష్యుల భావప్రకటనమును గూర్చి 1872లో డార్విన్ ప్రచురించిన గ్రంథమునకు, గుక్కపట్టి యేడ్చు పసివాని చిత్రమును ఆయన అందించెను. అది ఎంతో స్ఫుటమైనది. ప్రజలు ఎగబడి కొనిరి. ఏడ్చు బిడ్డ క్షణమైనను కదలకుండ ఎట్లుండెనని చాలకాలము ఆశ్చర్యపడిరి. తీరా పరిశోధకులు తేల్చినదేమనగా, ప్రసిద్ధమైన ఆ చిత్రము నేరుగా బిడ్డను చూచి తీసినది కాదు. మొదటి ఛాయాచిత్రమును పెద్దది చేసి చేతితో గీసిన బొమ్మకు మరల తీసిన ఛాయాచిత్రము. విజ్ఞానశాస్త్రము కొఱకు తీసిన స్ఫుటమైన శిశుముఖమున కలముపని కలదు. కలకొఱకు తీసిన జూలియా మసకముఖమున నున్నది బిడ్డయే.

గౌరవమును ఆమెకు రాకపోలేదు. 1865లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియము ఆమె చిత్రములను కొని ప్రదర్శించెను. 1868లో తన భవనమునందే రెండు గదులను ఆమె పనికై ఇచ్చెను. బెర్లినులో పతకములు లభించెను. హెర్షెల్, డార్విన్, టెన్నిసన్, కార్లైల్ మున్నగువారు ఆమె యెదుట కూర్చుండిరి. కాని ధనము చేరలేదు. చిత్రములమ్మగా వచ్చినది ద్రవ్యములకును కాగితములకును చాలకుండెను.

దుఃఖమును ఆ గాజుటింటికి వచ్చినది. హైదరాబాదు కంటింజెంటు అశ్వదళమున పేరు తెచ్చుకొని విక్టోరియా క్రాసు పొందిన హెర్బర్ట్ క్లాగ్‌స్టన్ 1862లో, నాడు నిజాం రాజ్యమునందుండిన హింగోలి వద్ద పోరున మరణించెను. ఆయన భార్య జూలియా సోదరి కుమార్తె. వారి బిడ్డలలో అడలీన్ అను బాలిక డింబోలాలో పెరుగుచు 1872లో పదియేండ్ల ప్రాయమున కన్నుమూసెను. జూలియా ఆ మంచము చెంత కెమెరాను నిలిపి, మృతబాలికను ఒక్కమారు గాక పలుమారులు చిత్రించెను. ఏడేండ్ల క్రిందట పెర్సీ కీయన్‌ను మృతశిశువుగా పరుండబెట్టినది ఆటకై; ఇది ఆట కాదు. నిమిషములు గడచినను ఈ బాలిక కదలదు. కదలిక యను దోషమునకు ఆ పలకలపై తావు లేదు. మఱుసటి సంవత్సరము ఆమె ఏకైక పుత్రిక, తల్లి ప్రొద్దుపుచ్చుటకై కెమెరానిచ్చిన జూలియా నార్మన్, ప్రసవమున మరణించెను. ఆత్మకథను వ్రాయబూని మధ్యలో విడిచినది ఆ మఱుసటి యేడే.

1875లో దంపతులు సింహళమునకు తరలిపోయిరి. భర్తకు ఆ దీవిపై మమకారము, కుమారులును అచటనే, ఇంగ్లండు కాపురమునకు ఖర్చులు చాలకుండెను. వెంట ఒక ఆవును, పింగాణి గాజు సామగ్రి నింపిన రెండు శవపేటికలను తీసికొనిపోయిరి. అచట శవపేటికలు దొరకునో దొరకవో యను ముందుచూపు. అప్పటికే కాఫీ ఆకులకు తుప్పుతెగులు సోకి తోటలు చెడుచుండెను. కాలుతర సముద్రతీరమున ఆమె తీసిన చిత్రములు ముప్పదికి మించి నేడు నిలువలేదు. ఇంగ్లండున తీసిన బిడ్డలకు పేర్లు కలవు, కొందఱికి నెలలతో సహా వయసు కలదు. కాలుతర చిత్రములలోని వారికి చాలవఱకు రైతులనియో కూలీలనియో తప్ప పేర్లు లేవు. ఆమె దయామయి యనుటకు సాక్ష్యములు లెక్కకు మించి కలవు. ఐనను ఆ దయకు ఈ హద్దు కలదని గుర్తింపక తప్పదు.

1878లో చార్లెస్ బెన్నెట్ అను ఆంగ్లేయుడు జెలటిన్ పొడిపలకల వేగమును ఎన్నో రెట్లు పెంచు పద్ధతిని వెల్లడించెను. తడి పలకకు నిమిషములు పట్టిన పని ఇక సెకండులో చిన్నభాగమున జరుగును. నవ్వు బిడ్డను, కాళ్లు తన్నుకొను బిడ్డను స్ఫుటముగా పట్టుకొను కాలము ఆ పలకతో మొదలయ్యెను. 1879 జనవరి 26వ తేదీని జూలియా సింహళమునందలి డికోయా లోయలో, కుమారుని తోటయింట మరణించెను. బొగవంతలావ చర్చి ప్రాంగణమున ఆమె సమాధి కలదు. 1880లో మరణించిన భర్త సమాధియు ఆ ప్రక్కనే.

జూలియా జాక్సన్ కుమార్తె వర్జీనియా వుల్ఫ్ 1926లో, రోజర్ ఫ్రైతో కలిసి, ఈ పెద్దమ్మ చిత్రములను గ్రంథముగా వెలువరించి ఆమె పేరును మరల వెలుగులోనికి తెచ్చెను. గ్రంథమునకు పెట్టిన పేరు ప్రసిద్ధపురుషులను, సుందరాంగనలను గూర్చినది. పసిపాపలకు ఆ పేరులో చోటు దొరకలేదు.